తుపాకీ దెబ్బ తగిలిన చేయి: గుండ్లు తీయడం కన్నా ముందు అడగాల్సినవి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి 24 ఏళ్లు, పాడేరు వైపు కొండ ఊరు, కుడిచేతి వాటం. రాత్రి అడవి పంది కోసం వెళ్లినవాళ్ల చేతిలో నాటు తుపాకీ పేలి, రెండు మూడు గజాల దూరం నుంచి కుడి ముంజేయికి, మోచేతికి కాస్త కిందుగా తగిలింది. కేసు అవుతుందన్న భయంతో తెల్లవారేదాకా ఇంట్లోనే ఉంచారు. ఆసుపత్రికి చేరేసరికి 14 గంటలు గడిచాయి. అక్కడ చేయి పొడవునా కోసి వదిలేశారు, కొన్నాళ్లకి తొడ చర్మం తెచ్చి అతికించారు, ఎముకకి బయటి నుంచి రాడ్లు బిగించారు. ఇప్పటికి 5 వారాలైంది. ఎక్స్‌రేలో ఇంకా 9 గుండ్లు కనిపిస్తున్నాయి. మణికట్టు కొంచెం లేస్తోంది గానీ బొటనవేలి వైపు వాలుతోంది, వేళ్లు మాత్రం లేవడం లేదు. ఒక డాక్టరు నరం తెగిందన్నారు, ఇంకొకరు నలిగిందన్నారు. గుండ్లు తీయకపోతే సీసం విషం ఒళ్లంతా పాకుతుందని బంధువులు మీకు నిద్ర లేకుండా చేస్తున్నారు.

చేతి గాయాలకు ఆపరేషన్లు చేయడంలోనే నాకు 26 ఏళ్లు గడిచాయి. ఇలాంటి కేసులో చేయి పట్టుకుని చూస్తే గానీ చెప్పలేనివి కొన్ని ఉంటాయి. అవి మీ సర్జన్‌కే వదిలేస్తాను. దూరం నుంచి ధైర్యంగా చెప్పగలిగినవి మాత్రం వివరంగా రాస్తాను.

మీరు మొదట అడిగింది గుండ్ల గురించి కాబట్టి అక్కడే మొదలుపెడతాను. తుపాకీ దెబ్బ అనగానే ఇంట్లోవాళ్లు మొదట అడిగేది "గుండు తీశారా?" అని. ఈ గాయాల్లో చేతిని పోగొట్టేది చాలావరకు లోపల మిగిలిన గుండు కాదు. అది వెళ్తూ వెళ్తూ చంపేసిన కండ, ఆపేసిన రక్తం, లోపల పెరిగిన ఒత్తిడి, ఆ తర్వాత వారాల తరబడి కదలకుండా బిగుసుకుపోయే కీళ్లు. కండలో నిలిచిపోయిన గుండు చుట్టూ శరీరం ఒక పొర అల్లుకుంటుంది. అది అక్కడే ఏళ్ల తరబడి ఉండిపోతుంది, ఏమీ చేయదు. ఒక్కో గుండు కోసం వెతుకుతూ కోస్తే బాగున్న కండ, బాగున్న నరం దెబ్బతింటాయి. 9 గుండ్లు వదిలేశారంటే అది నిర్లక్ష్యం కాదు, సరైన నిర్ణయమే.

అయితే కొన్ని చోట్ల మాత్రం వదలకూడదు. కీలు లోపల ఉంటే తీయాల్సిందే. కీళ్లలో ఉండే జిగురు నీటిలో సీసం నెమ్మదిగా కరుగుతుంది. ఆ కరిగిన సీసం కీలునీ పాడుచేస్తుంది, రక్తంలోకీ చేరుతుంది. మీ బంధువులు చెప్పే సీసం విషం అన్నది పూర్తిగా అబద్ధం కాదు, కానీ అది ప్రధానంగా కీళ్లలో చిక్కుకున్న గుండ్ల విషయం. అరచేతిలో, వేళ్ల కొసల్లో, ఏది పట్టుకున్నా ఒత్తుకుని నొప్పి పుట్టించే చోట ఉన్నా తీస్తాం. నరాన్నో రక్తనాళాన్నో ఆనుకుని ఇబ్బంది పెడుతున్నా, చుట్టూ చీము పట్టినా తీస్తాం. కాబట్టి మీరు అడగాల్సిన ప్రశ్న: "ఈ తొమ్మిదిలో ఏదైనా మోచేతి కీలులో గానీ మణికట్టు కీలులో గానీ ఉందా?" మామూలు ఎక్స్‌రేలో సందేహం ఉంటే సీటీ స్కాన్ తేల్చేస్తుంది. తర్వాత ఎప్పుడైనా కారణం తెలియని కడుపునొప్పి, మలబద్ధకం, రక్తం తగ్గడం, విపరీతమైన నీరసం కనిపిస్తే రక్తంలో సీసం ఎంతుందో చూసే పరీక్ష ఉంది, చేయించండి.

ఇంకో సంగతి. నాటు తుపాకీలో సీసం గుండ్లే వేస్తారని లేదు. సైకిల్ బేరింగ్ గుండ్లు, ఇనుప ముక్కలు, మేకుల కొసలు కూడా కూరతారు. ఇనుమైతే సీసం భయం లేదు, కానీ ఎంఆర్ఐ దగ్గర ప్రమాదం. ఆ మిషన్‌లోని అయస్కాంతానికి ఇనుము కదలవచ్చు, సీసం కదలదు. అందుకే మీ తమ్ముడికి ఇకపై ఎప్పుడు, ఏ జబ్బుకి ఎంఆర్ఐ రాసినా "ఒంట్లో తుపాకీ గుండ్లు ఉన్నాయి, ఇనుమో సీసమో తెలియదు" అని ముందే చెప్పాలి. ఆసుపత్రి ఫైలు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. తీసిన గుండ్లు పోలీసులకి అప్పగించి ఉంటారు, వాటి వివరం కేస్ షీట్‌లో ఉంటుంది. అవి దేనితో చేసినవో అడిగి తెలుసుకోవచ్చు.

ఎక్స్‌రేలో కనిపించనిది ఇంకొకటి ఉంది, నన్నడిగితే గుండ్ల కన్నా అదే ఎక్కువ హాని చేస్తుంది. తుపాకీ గొట్టంలో పేలుడు మందు దట్టించాక అది కదలకుండా పైన కొబ్బరి పీచో, గుడ్డ పేలికో, కాగితమో కూరతారు. దగ్గర నుంచి పేలినప్పుడు అది కూడా గుండ్లతో పాటు చేతిలోకి దూరిపోతుంది. చొక్కా ముక్కలు, మట్టి, కాలిన మందు కూడా వెళ్తాయి. ఫిల్మ్‌లో గుండ్లు మెరుస్తూ కనిపిస్తాయి, పీచు కనిపించదు. వారాల తర్వాత మానిన పుండు మళ్లీ చిల్లుపడి నీరు కారుతుంటే నేను మొదట అనుమానించేది దీన్నే. తుపాకీ వేడికి గుండు శుభ్రమైపోతుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదని అమెరికా సైన్యంలో పనిచేసిన లూయీ లగార్డ్ అనే సర్జన్ 1890లలోనే గుండ్లకి సూక్ష్మక్రిములు పూసి కాల్చి చూపించాడు. పేలిన వేడికి ఆ క్రిములు చావలేదు.

ఇక మీరు బాధపడుతూ రాసిన మాట: "చిన్న చిన్న చిల్లులే ఉన్నాయి, డాక్టర్లే చేయంతా చీల్చి పాడుచేశారు." అమ్మా, ఆ కోత లేకపోతే ఇవాళ మీరు వేళ్లు లేవడం గురించి కాదు, చేయి ఉంటుందా లేదా అని అడిగేవారు.

ముంజేయిలో కండలన్నీ సాగని గట్టి పొరల సంచుల్లో ఉంటాయి. లోపల కండ నలిగి వాచినా, రక్తం చేరినా ఆ సంచి సాగదు, ఒత్తిడి పెరిగిపోతుంది. ఒక దశ దాటాక సన్న రక్తనాళాలు నొక్కుకుపోయి కండకి రక్తం అందదు. మణికట్టు దగ్గర నాడి మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది, అదే మోసం. రక్తం అందని కండ ఆరు గంటల ప్రాంతంలో కోలుకోలేని స్థితికి చేరడం మొదలవుతుంది. దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటాం. తుపాకీ గాయాల్లో ముంజేయికి, అందులోనూ మోచేతి దగ్గరి భాగంలో ఎముక విరిగినప్పుడు ఈ ప్రమాదం బాగా ఎక్కువ. మీ తమ్ముడికి తగిలింది సరిగ్గా అక్కడే. సంచిని పొడవునా కోసి తెరవడమొక్కటే దీనికి మందు, మాత్రలతో తగ్గదు. తెరిచిన గాయాన్ని వెంటనే కుట్టకుండా వదిలేయడం కూడా తెలిసి చేసిన పనే. రెండు రోజులకో మూడు రోజులకో మళ్లీ థియేటర్‌లోకి తీసుకెళ్లి, ఇంకా ఏ కండ చచ్చిందో చూసి తీసేసి, శుభ్రంగా ఉందనుకున్నాకే మూయాలి. తుపాకీ గాయాన్ని మొదటి రోజే అందంగా కుట్టేసి పంపడమంటే చీముని లోపల పెట్టి తాళం వేయడమే.

దీని గురించి ఇంత గట్టిగా రాయడానికి కారణముంది. పీజీ చేస్తున్న రోజుల్లో ఒక రైతు వచ్చాడు. ముంజేయి మీద రెండు చిన్న చిల్లులు, ఎముక విరగలేదు, నాడి చక్కగా కొట్టుకుంటోంది. నేను కడిగి, కట్టు కట్టి, టీటీ ఇంజెక్షన్ చేయించి వార్డులో పడుకోబెట్టాను. రాత్రి రెండు గంటలకి నొప్పి భరించలేకపోతున్నాడని నర్సు కబురు పెట్టింది. ఇంకో నొప్పి ఇంజెక్షన్ రాశాను గానీ లేచి వెళ్లి ఆ వేళ్లు చాపి చూడలేదు. పొద్దున మా చీఫ్ రౌండ్స్‌లో అతని వేలు పట్టుకుని కొంచెం చాపగానే అతను కేక పెట్టాడు. గంటలో ఆపరేషన్ చేశారు, అప్పటికే లోపలి కండ పాలిపోయి, పట్టకారుతో పట్టుకుంటే కదలిక లేకుండా పోయింది. ఆ చేయి ఉంది గానీ వేళ్లు గద్ద గోళ్లలా ముడుచుకుపోయాయి. ఆయన నాగలి పట్టుకున్న చేయి అది. ఇన్నేళ్ల తర్వాత కూడా ముంజేయి కేసు వార్డులో ఉన్న రాత్రి నేను ఫోన్ మీద ఆధారపడను. వేళ్లు చాపి చూడమంటాను, లేదంటే నేనే వెళ్లి చూస్తాను.

చిన్న చిల్లు వెనక ఇంత నష్టం ఎలా జరుగుతుందని అడుగుతారు. దెబ్బలోని శక్తి గుండు బరువుతో ఒకింత పెరిగితే వేగంతో అనేకింతలు పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు. పిస్టల్ గుండు మామూలుగా సెకనుకు 250 నుంచి 400 మీటర్ల వేగంతో వెళ్తే, ఏకే-47 గుండు 700 మీటర్ల వేగంతో వెళ్తుంది. అంత వేగమున్న గుండు దారిలో ఉన్నదాన్ని చీల్చడమే కాక, చుట్టుపక్కల కండని కొన్ని మిల్లీసెకన్ల పాటు బెలూన్‌లా పక్కకి నెట్టి మళ్లీ వదిలేస్తుంది. పక్కన ఉన్న నరం తెగకపోయినా ఆ సాగదీతకి దెబ్బతింటుంది. గుండు ఎముకకి తగిలితే ఆ ఎముక ముక్కలే కొత్త గుండ్లవుతాయి. నాటు తుపాకీ లెక్క వేరు. దాని గుండ్లకి అంత వేగం ఉండదు, దూరం వెళ్లేకొద్దీ విడిపోయి చర్మం కిందే ఆగిపోతాయి. కానీ మూడు గజాల లోపు నుంచి పేలితే అవన్నీ విడిపోకముందే ఒకే ముద్దగా వచ్చి తగులుతాయి. అది ఎలుగుబంటి పంజా దెబ్బ లాంటి గాయం. దూరం నుంచి తగిలిన చిన్న గుండ్లకి కడిగి కట్టు కట్టి, యాంటీబయోటిక్ ఇచ్చి, ఒకటి రెండు రోజులు కనిపెట్టుకుని ఇంటికి పంపేస్తాం. దగ్గర దెబ్బకి అది కుదరదు.

ఇప్పుడు అసలు చిక్కు: నరం. మన తెలుగులో ఒకే మాటని మూడింటికి వాడతాం. రక్తం పారే గొట్టాన్నీ నరం అంటాం, స్పర్శనీ కదలికనీ మోసే తీగనీ నరం అంటాం, కండని ఎముకకి కలిపే తాడునీ నరం అంటాం. "నరం తెగింది" అని ఇంటికొచ్చి చెప్పుకున్నాక అది ఈ మూడింటిలో ఏదో ఎవరికీ తెలియదు. ఒక్కోదానికి చేయాల్సింది వేరు, ఆగగలిగే సమయం వేరు.

రక్తనాళమైతే గంటల లెక్క. రెండో ప్రపంచ యుద్ధంలో తెగిన పెద్ద రక్తనాళాన్ని ముడివేసి వదిలేసేవారు, అలా చేసిన అవయవాల్లో దాదాపు సగం తీసేయాల్సి వచ్చేది. కొరియా యుద్ధం నాటికి నాళాన్ని కలిపి కుట్టడం మొదలయ్యాక అది 13 శాతానికి దిగింది. మీ తమ్ముడి చేయి 5 వారాల తర్వాత వెచ్చగా, ఎర్రగా ఉందంటే ఆ గండం గడిచినట్టే. ముంజేయిలో రెండు పెద్ద రక్తనాళాలు ఉంటాయి. ఒకటి పోయినా రెండోది మొత్తం చేతిని పోషించడం మామూలే.

తాడు, అంటే టెండన్, తెగిందా లేదా అన్నది ఇంట్లోనే కొంత చూడొచ్చు. మీ తమ్ముడిని చేయి వదులుగా పెట్టమనండి. మీరు అతని మణికట్టుని మెల్లగా కిందికి వంచండి. వేళ్లు వాటంతట అవే కాస్త తెరుచుకున్నాయనుకోండి, ఆ వేళ్లని లేపే తాళ్లు తెగకుండా ఉన్నట్టే, అవి లేవకపోవడానికి కారణం తీగ. రాడ్లు అడ్డం వస్తే, నొప్పి పుడితే ఆపేయండి, తర్వాతి చెకప్‌లో డాక్టర్ గారినే చూపించమనండి.

ఇక్కడి నుంచి నరం అంటే ఆ తీగ అనే అర్థం చేసుకోండి. మీరు రాసిన ఒక వివరం నాకు చాలా చెప్పింది. మణికట్టు లేస్తోంది, కానీ బొటనవేలి వైపు వాలుతోంది, వేళ్లు లేవడం లేదు. చేతి వెనక వైపుకి వచ్చే రేడియల్ నరం మోచేతి దగ్గర రెండుగా చీలుతుంది. ఒక పాయ స్పర్శకి. రెండో పాయ లోతుగా, కండ మధ్య నుంచి దూరి వేళ్లనీ బొటనవేలినీ లేపే కండలకి వెళ్తుంది. మణికట్టుని బొటనవేలి వైపు లేపే కండకి వెళ్లే కొమ్మ మాత్రం అంతకు ముందే విడిపోతుంది. అందుకే లోతు పాయ ఒక్కటే దెబ్బతింటే మణికట్టు అటు వాలుతూ లేస్తుంది, వేళ్లు కిందే ఉంటాయి, స్పర్శ పోదు. నా అంచనా మీ తమ్ముడిది ఇదే. చేతి వెనక, బొటనవేలి మొదట్లో స్పర్శ బాగానే ఉందా అని చూడండి. ఉంటే నా మాటకి బలం.

మరి తెగిందా, నలిగిందా? మీకు రెండు రకాలుగా చెప్పిన ఇద్దరు డాక్టర్లదీ తప్పు కాకపోవచ్చు. మొదటి ఆపరేషన్‌లో నరాన్ని కళ్లతో చూశారా లేదా అన్నది ఆపరేషన్ నోట్స్‌లో ఉంటుంది. ఆ కాగితం జిరాక్స్ అడిగి తీసుకోండి. చూసి "తెగి ఉంది" అని రాసుంటే ఆగాల్సిన పని లేదు, నరం కలిపే ఆపరేషన్‌కి తేదీ మాట్లాడుకోవాలి. చూడలేదు, లేదా "కలిసే ఉంది" అని రాసుంటే ఆగడం సబబు. వియత్నాం యుద్ధంలో గాయపడిన సైనికుల చేతుల్ని ఏళ్ల తరబడి చూసిన జార్జ్ ఓమర్ అనే సర్జన్ 1974లో తేల్చిన లెక్క ప్రకారం, తుపాకీ దెబ్బకి పనిచేయకుండా పోయిన నరాల్లో దాదాపు 70 శాతం వాటంతట అవే కోలుకున్నాయి, అదీ ఎక్కువగా 3 నుంచి 9 నెలల్లో. కత్తి గాయానికీ దీనికీ తేడా అదే. కత్తి కోసిన చోట నరం పనిచేయకపోతే వెంటనే తెరిచి చూస్తాం.

నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మీ తమ్ముడికి దెబ్బ తగిలిన చోటు నుంచి మొదట మేల్కోవాల్సిన కండ దూరం కొద్ది సెంటీమీటర్లే. అంటే కోలుకునేదైతే మూడు నాలుగు నెలల్లో సూచన కనిపించాలి. ఇప్పుడు, ఐదో వారంలో, ఒక ఈఎంజీ పరీక్ష, అంటే కండలో సన్న సూది పెట్టి దానికి నరం సంకేతం అందుతోందో లేదో చూసే పరీక్ష, చేయించండి. గాయమైన మూడు వారాల లోపు చేస్తే అది ఏమీ చెప్పదు, అందుకే ముందు రాయలేదేమో. మూడో నెలలో మళ్లీ చేస్తే రెండూ పోల్చి చూడొచ్చు. కొన్నిచోట్ల అనుభవమున్న రేడియాలజిస్టు అల్ట్రాసౌండ్‌లోనే నరం కలిసి ఉందో లేదో చూసి చెబుతారు. మీకు అందుబాటులో ఉంటే అది కూడా మంచిదే. మూడు నాలుగు నెలలకి పరీక్షలోనూ చేతిలోనూ ఏ కదలికా లేకపోతే ఇక తెరిచి చూడాలి. మధ్యలో పాడైన నరం ముక్కని తీసేసి, పిక్క వెనక నుంచి తెచ్చిన నరంతో అతుకు వేస్తారు. దాన్ని తీస్తే పాదం బయటి అంచున కొంచెం తిమ్మిరి ఉంటుంది, నడకకి ఏమీ కాదు. "చూద్దాం, చూద్దాం" అంటూ ఏడాది దాటనివ్వకండి. ఏడాది, ఏడాదిన్నర తర్వాత నరం చేరినా దాని మాట వినే శక్తి కండకి పోతుంది.

అప్పటికీ దారి మూసుకుపోదు. బాగా పనిచేస్తున్న కండల్లో ఒక దాని తాడుని దారి మళ్లించి వేళ్లని లేపే తాడుకి కలుపుతారు, టెండన్ ట్రాన్స్‌ఫర్ అంటారు. అరచేతి వైపు మణికట్టుని వంచే కండలు ఒకటి కన్నా ఎక్కువ ఉంటాయి, వాటిలో ఒకటి ఇచ్చేస్తే లోటు తెలియదు. ఈ విద్యకి మన దేశంలో పెద్ద చరిత్ర ఉంది. తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1940ల చివర వెల్లూరు సీఎంసీలో కుష్ఠు రోగుల ముడుచుకుపోయిన వేళ్లని ఇలా తాళ్లు మార్చి తెరిపించాడు. రేడియల్ నరం పోయిన చేతికి చేసే ట్రాన్స్‌ఫర్లు చేతి సర్జరీలో అన్నిటికన్నా నమ్మకంగా ఫలితమిచ్చేవాటిలో ఒకటి. అయితే ఒక షరతు. కీళ్లు మెత్తగా కదులుతూ ఉండాలి. బిగుసుకుపోయిన వేళ్లని ఏ తాడూ లేపలేదు.

అందుకే, అమ్మా, ఇవాళ్టి నుంచి మీ చేతిలో ఉన్న పని ఇది. అతని వేళ్లు తమంతట తాము లేవలేవు, కాబట్టి ఎడమచేత్తో అతనే, లేదా మీరు, ప్రతి వేలినీ ప్రతి కణుపు దగ్గరా పూర్తిగా వంచి పూర్తిగా చాపాలి. రోజుకి ఐదారు సార్లు, ఒక్కోసారి పది చొప్పున. బొటనవేలిని అరచేతి నుంచి దూరంగా తెరవాలి. మిగతా సమయంలో వేళ్లు వేలాడకుండా చేతికి ఆసరాగా కట్టే పట్టీ, అంటే స్ప్లింట్, ఉండాలి. మణికట్టు కాస్త పైకి, వేళ్లని స్ప్రింగుతోనో రబ్బరుతోనో లేపి పట్టే రకమైతే ఇంకా మంచిది, పిడికిలి బిగించడం కూడా సాగుతుంది. ఫిజియోథెరపిస్టుని అడిగితే చేయించి ఇస్తారు. భుజం, మోచేయి కూడా కదపాలి. రాడ్లున్నాయని చేతిని మెడకి వేలాడదీసి అలాగే ఉంచేస్తే భుజం పట్టేస్తుంది. చర్మం అతికించిన చోట పూర్తిగా మానాక రోజుకి రెండు మూడు సార్లు కొబ్బరినూనెతో మర్దనా చేస్తే లోపల అతుక్కున్నవి వదులవుతాయి. ఎంత బాగా చేసిన ఆపరేషన్‌నైనా ఈ పని చేయకపోవడం ఓడించగలదు. నేను చూశాను.

రాడ్ల గురించి. మీరు పంపిన వివరం ప్రకారం పక్క ఎముక బాగుంది, రేడియస్ ఎముకలో, అంటే ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే ఎముకలో, మూడు సెంటీమీటర్ల మేర ముక్కలై కొంత పోయింది. మొదటి రోజు మురికి గాయంలో ప్లేటు పెట్టకుండా బయటి రాడ్లు బిగించడం సరైన పనే. కానీ ముంజేయికి అది చివరిదాకా ఉండే ఏర్పాటు కాదు. మన చేయి బోర్లా వెల్లకిలా తిరిగేది రేడియస్ ఎముకకి ఉన్న ఒంపు వల్ల. ఆ ఒంపు, ఆ పొడవు తిరిగి రాకపోతే అన్నం కలిపి ముద్ద నోటికి తెచ్చుకోవడం దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. గాయం పూర్తిగా మాని, సీఆర్‌పీ లాంటి రక్త పరీక్షల్లో చీము లక్షణాలు లేవని తేలాక, ప్లేటు వేసి తుంటి ఎముక నుంచి తెచ్చిన ఎముకతో ఖాళీ నింపుతారు. ఖాళీ పెద్దదైతే ముందు అక్కడ ఎముకల ఆపరేషన్లలో వాడే సిమెంట్ ముద్ద ఒకటి పెట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో దాని చుట్టూ పొర ఏర్పడ్డాక, ముద్ద తీసేసి ఎముక నింపే పద్ధతి ఉంది. మాస్కెలే అనే ఫ్రెంచ్ సర్జన్ తెచ్చిన పద్ధతి. మీ సర్జన్ ఏది ఎంచుకున్నారో, ఎప్పుడో అడగండి. రాడ్లు దూరిన చోట రోజూ శుభ్రం చేయండి, ఎర్రబడినా చీము కనిపించినా అదే రోజు చూపించండి. అతనికి బీడీ అలవాటుంటే మాన్పించండి. పొగ వల్ల ఎముక అతకడం నిజంగానే ఆలస్యమవుతుంది.

చేయంతా మంటలు పుట్టి, గాలి తగిలినా ఓర్చుకోలేకపోతే అది మామూలు గాయం నొప్పి కాదు, నరం నొప్పి. అమెరికా అంతర్యుద్ధంలో తుపాకీ దెబ్బలు తిన్న సైనికుల్లో వైర్ మిచెల్ అనే డాక్టరు 1864లోనే దీన్ని వర్ణించాడు. మామూలు నొప్పి మాత్రలు దీనికి పనిచేయవు, వేరే మందులున్నాయి, ఆలస్యం చేయకుండా చెప్పాలి. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం, శబ్దానికి వణకడం ఉన్నా దాచొద్దు. దానికీ వైద్యముంది.

ఇంకొక్క మాట మీ ఊరివాళ్లందరికీ. ఆ 14 గంటలు దారి దూరం వల్ల పోలేదు, భయం వల్ల పోయాయి. పాడేరు నుంచి ఘాట్ దిగి విశాఖ చేరడానికి మూడు నాలుగు గంటలు చాలు. లైసెన్సు లేని తుపాకీ మీద కేసు ఉంటుంది, అది నిజం. ఆసుపత్రి కూడా పోలీసులకి తెలియజేస్తుంది. కానీ పోలీసులు వచ్చేదాకా, కాగితాలు పూర్తయ్యేదాకా వైద్యం ఆపే హక్కు ఏ డాక్టరుకీ లేదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. కేసు ఏడాది తర్వాత కూడా నడుస్తుంది, కండ ఆరు గంటలే ఆగుతుంది. మళ్లీ ఎవరికైనా ఇలా జరిగితే శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా అదిమి పట్టి, చేతికున్న ఉంగరం, కడియం, కాశీదారం తీసేసి, బల్ల చెక్కతో కదలకుండా కట్టి బయల్దేరాలి. పసుపు, కాఫీ పొడి, పసరు పెట్టొద్దు. గుండు కెలికి తీయొద్దు. అదిమి పట్టినా రక్తం ఆగకుండా చిమ్ముతుంటేనే జబ్బకి వెడల్పాటి గుడ్డతో బిగించి, బిగించిన సమయం రాసి పెట్టండి. సన్నని తాడో వైరో కడితే అదే నరాన్ని కోస్తుంది.

వచ్చే చెకప్‌కి ఆపరేషన్ నోట్స్ జిరాక్స్, మొదటి రోజు ఎక్స్‌రే, ఇప్పటి ఎక్స్‌రే, ఈఎంజీ రిపోర్టు ఒకే ఫైలులో పెట్టుకుని వెళ్లండి. ఇంట్లో వారానికోసారి ఒకే రోజున అతని చేతిని ఇలా చూడండి. అరచేయి బల్ల మీద బోర్లా పెట్టించి వేళ్లు లేపమనండి. వేళ్ల మధ్య కణుపులు చాచుకుంటే నరం వచ్చేసిందని అనుకోకండి, ఆ పని వేరే నరానిది. పిడికిలి బిగిస్తే పైకి పొడుచుకొచ్చే మొదటి కణుపుల దగ్గర వేలు లేవాలి. దానికి ముందో, దానితో పాటో మణికట్టు బొటనవేలి వైపు వాలడం తగ్గి నిటారుగా లేస్తుంది. బొటనవేలు అన్నిటికన్నా ఆఖరున వస్తుంది, అది రాలేదని కంగారుపడకండి. వెంట్రుకవాసి కదిలినా ఫోన్‌లో వీడియో తీసి, తేదీ రాసి ఉంచండి. ఆపరేషన్ చేయాలా, ఇంకా ఆగాలా అని నిర్ణయించే రోజున మీ సర్జన్‌కి అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది ఆ తేదీనే.